శుక్రవారపు జత

గురువారం సాయంత్రం అంట్లు తోమడం అయ్యాక వసంతకుమారి చేతులు తుడుచుకుని పడగ్గదిలోకి వెళ్ళి, మొగుడి మర్నాటి బట్టలు మంచం మీద పరచడం మొదలుపెట్టింది. వక్క రంగు కార్డురాయ్ ప్యాంటు, దాని మీదికి మీగడ రంగు చొక్కా. స్వెట్టరు దగ్గరే చెయ్యి ఆగింది. ఇటుక రంగుదా, నాచు రంగుదా? ఇటుక రంగు పోయిన శుక్రవారం అయిపోయింది. నాచు రంగుది పరిచి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వంచి చూసింది. కాలరు పైకి తీసింది. చేతుల్ని కొంచెం మడిచింది. మడత మరీ కుదురుగా వచ్చిందని విప్పేసి, ఏదో తోచక మడుచుకున్నట్టు మళ్ళీ మడిచింది. ముందుగదిలో టీవీ చప్పుడు మధ్యనుంచి రత్నరాజు గొంతు వినిపించింది.

"వసంతా, రేపటికి ఏదో ఒకటి తీసిపెట్టు. మరీ ఆలోచించకు."

మరీ ఆలోచించకట. ఆమె ఆలోచించకపోతే ఆ మహానుభావుడు ఏ అవతారంలో ఆఫీసుకి వెళ్ళేవాడో ఆమె ఒక్కదానికే తెలుసు. రత్నరాజుకి రంగులు సరిగ్గా తెలియవు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, అన్నీ ఆయన కళ్ళకి ఒకే మట్టిముద్ద. పెళ్ళయిన నాలుగో రోజున తెనాలి బజారుకి వెళ్ళి ఒక చీర కొనుక్కొచ్చి, "ఆకుపచ్చ నీకు బాగుంటుందని తెచ్చాను" అన్నాడు. చీర చూస్తే ఎర్ర ఇటుక రంగు. హాస్యమాడుతున్నాడనుకుని ఆమె పకపకా నవ్వింది. ఆయన మొహం పాలిపోయింది. చిన్నప్పుడు బళ్ళో చెట్టు బొమ్మకి ఆకులు గోధుమ రంగు, మొదలు పచ్చ రంగు వేస్తే మాస్టారు ఆ కాగితం అందరికీ చూపించి కొట్టారట. ఆ రోజునుంచీ ఎవరికీ చెప్పలేదట. "మా అమ్మకి కూడా తెలీదు. నువ్వూ ఎవరికీ చెప్పకు వసంతా" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అత్తగారికి కూడా తెలియని మాట ఒకటి తన చేతిలో పెట్టాడని ఇరవై రెండేళ్ళ వసంతకుమారి ఎంత పొంగిపోయిందో చెప్పలేం. ఆ పొంగు మీదే పదకొండేళ్ళు గడిచాయి.

మాట ఇచ్చి ఊరుకోలేదు, ఉపాయం కూడా కనిపెట్టింది. బోర్డింగు స్కూల్లో కుట్టుపని టీచరమ్మ నేర్పిన ముడికుట్టు అక్కరకొచ్చింది. చొక్కాలకి కాలరు లోపల, ప్యాంట్లకి నడుము పట్టీ లోపల, స్వెట్టర్లకి మెడ లోపల, ఎవరికీ కనపడకుండా దారంతో చిన్నచిన్న ముళ్ళు వేసేది. రెండు ముళ్ళ చొక్కాకి రెండు ముళ్ళ ప్యాంటు. నాలుగు ముళ్ళ ప్యాంటుకి నాలుగు ముళ్ళ స్వెట్టరు. ఆమెకి ఒంట్లో బాగాలేని రోజున ఆయన వేలితో తడుముకుని సరిగ్గా జత చేసుకుని వెళ్ళిపోయేవాడు. సూట్లూ టైలూ ఉన్నంతకాలం ఇదేమంత పెద్ద పని కాదు. నల్లది, బూడిద రంగుది, తెల్ల చొక్కా, అంతే.

చిక్కంతా ఆ ఏడు, అంటే ఎనభై నాలుగులో, ఆకులు రంగు తిరిగే వేళకి వచ్చింది. ఆఫీసులో కొత్తగా చేరిన డైరెక్టరు ఇకమీదట శుక్రవారాలు టై అక్కర్లేదు, క్యాజువల్‌గా రమ్మన్నాడు. సముద్రాలు దాటి వచ్చి స్థిరపడ్డ షామ్‌బర్గ్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ వారం పెద్ద కలకలమే రేగింది. మన మగవాళ్ళకి బయటికి వెళ్తే సూటు, ఇంట్లో ఉంటే లుంగీ. ఆ రెంటికీ మధ్య వేసుకోవాల్సింది ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. అదే ఆఫీసులో పనిచేసే సామ్యూల్, వాళ్ళావిడ దెబోరా సలహా మీద, మొదటి శుక్రవారం సూటు వేసుకుని టై మాత్రం మానేసి వెళ్ళాడు. రెండో శుక్రవారం పార్కులో పరిగెత్తేటప్పుడు వేసుకునే నైలాను జత వేసుకెళ్ళాడు. వసంతకుమారికి మాత్రం ఆ విద్య తెలుసు. మాల్‌లో ఒక పెద్ద షాపులో మగవాళ్ళ బట్టల దగ్గర మూడేళ్ళుగా మడతలు పెట్టే పని ఆమెది. ఏమీ ఆలోచించకుండా వేసుకున్నట్టు కనపడాలంటే ఎంత ఆలోచించాలో ఆ బల్లల దగ్గర నిలబడి నేర్చుకుంది. మొదటి శుక్రవారమే రత్నరాజు ఆవాల రంగు స్వెట్టరులో, తేనె రంగు కార్డురాయ్‌లో ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం పెళ్ళికొడుకులా తిరిగొచ్చాడు.

"జానెట్ ఏమందో తెలుసా? మన ఫ్లోర్ మొత్తంలో నీకొక్కడికే కన్నుంది అంది. స్వెట్టరు మీద పోగేదో ఉంటే తనే తీసింది" అన్నాడు చారు పోసుకుంటూ.

 ఎవరా జానెట్, ఎన్నేళ్ళుంటాయి, పోగు తీయడానికి ఎంత దగ్గరగా నిలబడింది? అప్పడాలు వేయిస్తూ వసంతకుమారి అవన్నీ అనుకుంది. నాలుగు రోజులపాటు ఆ జానెట్‌ని మనసులో పెట్టుకుని రకరకాలుగా తిట్టుకుంది కూడా. కాని ఐదో రోజున, షాపులో చొక్కాలు మడతపెడుతుంటే, ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఆ జానెట్ ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి, "అమ్మా, నీ కన్ను గొప్పది" అంటే తను ఆమెని కాఫీకి పిలుస్తుంది. కోపం జానెట్ మీద కాదు. అసూయ మొగుడి మీద. తన మొగుణ్ణి ఎవరో చూశారని కాదు, తనని చూడాల్సిన చూపు ఆయన వీపు మీద పడిందని. మొగుడి మీద అసూయపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని తనని తానే కోప్పడింది. అయినా అది పోలేదు. పోకపోగా వారవారం పెరిగింది.

పెంచేవాళ్ళకి కొదవ లేదు మరి. తెనాలికి ఫోటో పంపితే అత్తగారు ఉత్తరం రాసింది: "మా రత్నం చిన్నప్పటినుంచీ అంతే. బట్టల ఎంపికలో వాణ్ణి కొట్టేవాడు లేడు. నువ్వు కూడా వాడి పక్కన నిలబడేలా కాస్త చూసి కట్టుకో." ఆదివారం మధ్యాహ్నం అద్దెకి తీసుకున్న చర్చి హాల్లో తెలుగు ఆరాధన అయ్యాక, టీ దగ్గర దెబోరా, "వదినా, అన్నయ్యగారి టేస్టే టేస్టు. నువ్వు అదృష్టవంతురాలివి, ఏదీ చెప్పక్కర్లేదు. మా ఆయనకైతే సాక్సులు కూడా నేనే తియ్యాలి" అంది. వసంతకుమారి చేతిలో టీ కప్పు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దాదాపు ఐదు నిమిషాలు మొహం మీద అలాగే ఉండిపోయింది. అన్నిటికీ మించి ఆఫీసు పత్రిక. అందులో రత్నరాజు ఫోటో వేసి, శుక్రవారాల హీరో అని రాసి, బట్టలు ఎవరు ఎంచుతారని అడిగారు. "చేతికి ఏది దొరికితే అది వేసుకొస్తాను" అన్నాడట. ఆ కాగితం ఆయనే తెచ్చి ఫ్రిజ్ మీద అతికించాడు. పాలు తీసుకున్నప్పుడల్లా ఆమెకి ఆ ముక్క కనపడేది. ఆ చెయ్యి తనదని ఆ మనిషికి నిజంగానే గుర్తు లేదా, లేక గుర్తుండీ అన్నాడా? రెంటిలో ఏది ఎక్కువ బాధో ఆమె తేల్చుకోలేకపోయింది.

సరిగ్గా అప్పుడే షాపులో కారల్ ఆమెని పిలిచింది. కారల్ ఆ విభాగం మేనేజరు. యాభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ కొలత టేపు, ఎవర్నీ ఊరికే మెచ్చుకోదు. "నువ్వు మడతపెట్టిన బల్ల మీద ఏ రెండు పక్కపక్కన పెడితే ఆ రెండూ కలిపే అమ్ముడుపోతున్నాయి. నేను గమనిస్తూనే ఉన్నాను" అంది. షాపులో నిలబెట్టే మనిషెత్తు బొమ్మలకి బట్టలు తొడిగి, జతలు కట్టి, గోడ పొడుగునా అమర్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందట. ఫుల్ టైమ్. శనివారం మధ్యాహ్నానికి మూడు బొమ్మలకి ఫాల్, అంటే ఆకురాలే కాలపు, జతలు కట్టి చూపించమంది. నచ్చితే పేరు రాసిన బ్యాడ్జి, సొంత బల్ల, ఏ జత కట్టాలో చెప్పే అధికారం. వసంతకుమారి బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా కిటికీ బయట చెట్లకేసి చూసింది. ఒక్కొక్క చెట్టుకీ ఒక్కొక్క స్వెట్టరు తొడిగింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. రత్నరాజు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లలు ఏదో అంటే నవ్వినట్టు.

"మగాళ్ళ బట్టల గురించి నిన్నడుగుతారా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఒంటి మీద ఉన్న చొక్కా, ప్యాంటు, లోపలి బనీనుతో సహా ఆమె తీసిపెట్టినవే.

"అడిగారు మరి" అంది.

"ఫుల్ టైమ్ అంటే శనివారాలు కూడా వెళ్ళాలి. వంట, లాండ్రీ అన్నీ ఎవరు చూస్తారు? ఇప్పుడు చేసే మడతల పని హాయిగా ఉంది కదా, బుర్రతో పన్లేదు. నీ ఇష్టం అనుకో. నేను వద్దననులే."

వద్దనను అనడం కూడా ఒక రకంగా వద్దనడమేనని ఆమెకి పదకొండేళ్ళలో బాగానే తెలిసింది. అయినా శనివారం పొద్దున్నే వెళ్ళింది. మూడు బొమ్మలూ నిలబెట్టింది. మొదటిదానికి ఇటుక రంగు గళ్ళ చొక్కా మీద ముతక నేత కోటు. రెండోదానికి నాచు రంగు స్వెట్టరు, మీగడ చొక్కా, వక్క రంగు కార్డురాయ్. మూడోదానికి ఆకాశం మబ్బేసినప్పటి నీలం, దాని మీద ఆవాల రంగు మఫ్లరు. చేతిలో గుండుసూదులతో రెండో బొమ్మ చెయ్యి మడత సర్దుతూండగా వెనకనుంచి తెలుగు వినపడింది.

రత్నరాజు, వెనక దెబోరా, ఆ వెనక బలిపశువులా సామ్యూల్. వచ్చే వారం ఆఫీసు పిక్నిక్ ఉంది, మా ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నానని దెబోరా ఫోన్ చేస్తే ఈయన సరేనన్నాడు. సరేనని, ఊళ్ళో ఇన్ని షాపులుండగా తిన్నగా ఇక్కడికే తీసుకొచ్చాడు. ఎందుకు తెచ్చాడో వసంతకుమారికి ఒక్క క్షణంలో అర్థమైంది.

"వందనాలు వదినా, నీ పని నువ్వు చేసుకో. అన్నయ్యగారు ఉన్నారుగా, మేము చూసుకుంటాం" అంది దెబోరా.

రత్నరాజు బల్ల దగ్గరికి వెళ్ళి ఒక స్వెట్టరు తీశాడు. తీసి, అలవాటు కొద్దీ వేలు మెడ లోపలికి పోనిచ్చాడు. అక్కడ ముళ్ళు లేవు. షాపు బట్టలకి ముళ్ళెవరు వేస్తారు? ఆ వేలు లేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి, ఆగి, మళ్ళీ తిరగడం ఆమె చూసింది. ఆ నిమిషాన ఆయన ఆఫీసులో సెక్షన్ హెడ్డూ కాదు, శుక్రవారాల హీరో కూడా కాదు. తన బొమ్మ కాగితం అందరికీ చూపిస్తుంటే నిలబడ్డ పిల్లవాడు. ఆయన నెమ్మదిగా తలెత్తి ఆమెకేసి చూశాడు. చూడకుండా ఉండాలనే అనుకుంది. ఒక్కసారి మొహం తిప్పుకుంటే చాలు, ఆ చేతిలో ఉన్న ముదురు ఎరుపు పక్కన ఆయన ఏ గడ్డి పచ్చ ప్యాంటో పెడతాడు, దెబోరా కళ్ళు తెరుచుకుంటాయి. ఆ ముచ్చట చూడాలని నోరూరినంత పని అయింది. కాని తల తనంత తానే అడ్డంగా ఊగింది. ఆయన ఆ స్వెట్టరు దించేసి పక్కది పట్టుకున్నాడు. తల నిలువుగా ఊగింది. ప్యాంట్ల దగ్గర మూడుసార్లు అడ్డంగా, ఒకసారి నిలువుగా. అలా జత పూర్తయింది. సామ్యూల్ వేసుకుని బయటికొస్తే నిజంగానే మనిషి మారిపోయాడు.

"అందుకే మిమ్మల్ని తీసుకొచ్చింది" అంది దెబోరా మురిసిపోతూ. అప్పుడు ఆమె కళ్ళు రెండో బొమ్మ మీద పడ్డాయి. "ఇదిగో, ఇది నిన్న మీరు ఆఫీసుకి వేసుకెళ్ళిన జత కదూ? మా ఆయన చెప్పాడు, నాచు రంగని. వదిన మిమ్మల్ని చూసి దించేసింది."

వసంతకుమారి మొగుడి మొహంకేసి చూసింది. కాదు, అనడానికి ఆయనకి ఒక్క మాట చాలు. రత్నరాజు నవ్వి, అప్పుడే అటు వచ్చిన కారల్‌తో ఇంగ్లీషులో, "నా భార్య మంచి స్టూడెంటు" అన్నాడు.

అందరూ నవ్వారు. గుండుసూది ఎప్పుడు గుచ్చుకుందో, బొటనవేలి మీద చిన్న రక్తపు చుక్క కనపడింది. మీగడ చొక్కాకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ సంచులతో వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడి ఉంది. తనే తలూపింది, ఎవర్నని ఏం లాభం? ఆయన మీద జాలి పడినప్పుడల్లా ఆ జాలి ఖరీదు తనే కట్టింది, ఆ సంగతి ఆయనకి తెలియను కూడా తెలియదు.

కారల్ మూడు బొమ్మల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఇరవై ఏళ్ళుగా మగవాళ్ళు బట్టలు కొనడం చూస్తున్నాను. ఎవడైనా అద్దంలోకి చూస్తాడు. మీ ఆయన ఒక్కసారి కూడా అద్దంకేసి చూడలేదు. నీకేసి చూశాడు" అంది. "ఉద్యోగం నీదే. సోమవారం తొమ్మిదింటికి రా."

వసంతకుమారికి ఏడుపొచ్చింది. ఉద్యోగం వచ్చినందుకు కాదు, ఒక మనిషి చూసినందుకు.

సాయంత్రం ఇంట్లో చెప్తే రత్నరాజు నిజంగానే సంతోషించాడు. "చూశావా, నేను ఆ మాట అన్నాను కాబట్టే ఆవిడకి నమ్మకం కుదిరింది" అన్నాడు.  ఆమె కూర తరుగుతూ, ఈ మనిషికి రంగుల సంగతి సరే, ఎదురుగా ఉన్న పెళ్ళాం కూడా కనపడదా అనుకుంది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో, వాక్యోపదేశం అయ్యాక, సంఘపెద్ద దైవాశీర్వాదంగారు సాక్ష్యాలకి పిలిచారు. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి నిలబడి నలుగురిలో చెప్పవచ్చు. చెప్పడం అయ్యాక పెద్దాయన "స్తోత్రం" అంటారు, సంఘమంతా "స్తోత్రం" అంటుంది. ఎవరైనా అన్నమాటే గాని, ఇంటి తరఫున మగవాళ్ళే లేచేవారు. ఆడవాళ్ళు లేస్తే పిల్లలకి జ్వరం తగ్గిందని, పురుడు క్షేమంగా పోసుకున్నానని. అది కూడా మొగుడు ఊళ్ళో లేనప్పుడు. మొగుడు చెప్పేశాక పెళ్ళాం లేవడం ఆ హాల్లో ఇంతవరకూ జరగలేదు.

రత్నరాజు లేచాడు. నీలం స్వెట్టరులో కిటికీ వెలుగు మీద పడి దివ్యంగా ఉన్నాడు. "ఈ వారం దేవుడు మా కుటుంబానికి ఒక మేలు చేశాడు. మా ఆవిడకి ప్రమోషన్ ఇచ్చాడు. షాపులో మగాళ్ళ బట్టలు జతలు కట్టే పనట. మరి ఇన్నాళ్ళూ ఇంట్లో నన్ను చూసి నేర్చుకుంది కదా, ఊరికే పోలేదు" అన్నాడు. హాలంతా నవ్వింది. దైవాశీర్వాదంగారు కూడా నవ్వుతూ "స్తోత్రం" అన్నారు. దెబోరా వెనక్కి తిరిగి వసంతకుమారి మోకాలు తట్టింది.

ఆడవాళ్ళ వరసలో వసంతకుమారి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.  ఆ నవ్వు అందరి మొహాల మీదా ఇంకా ఉంది, అంతా ఆయనకేసే తిరిగి ఉంది. ఆమెకి ఆ క్షణంలో మొగుడి మీద కలిగిన అసూయ అంతా ఇంతా కాదు. అది పాపమని చిన్నప్పటినుంచీ విన్నది. అయితే అయింది అనుకుంది.

పెద్దాయన పాటల పుస్తకం తెరుస్తూ ఉండగా లేచి నిలబడింది.

"మీవారు చెప్పారు కదమ్మా" అన్నారాయన మెల్లగా.

"ఆయన సాక్ష్యం ఆయన చెప్పారండీ. నాది నేను చెప్తాను."

ముందు వరసల్లో వాళ్ళు వెనక్కి తిరిగారు. ఆమె ఎదురు వరసలో ఉన్న రత్నరాజుకేసి చూసింది. ఆయన మొహంలో రక్తం లేదు. ఏం చెప్పబోతోందని భయపడుతున్నాడో ఆమెకి తెలుసు. ఆ ఒక్క మాటతో ఆయన్ని జీవితాంతం తలెత్తుకోకుండా చెయ్యవచ్చునని కూడా తెలుసు. అది ఆమెకి అక్కర్లేదు. ఆమెకి కావలసింది ఆమెది మాత్రమే.

"నాకు ఉద్యోగం వచ్చింది" అంది. కొంగు భుజం మీదికి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. "మా పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళూ మా ఆయన వేసుకున్న ప్రతి జతా నేను తీసిందే. ఆఫీసు పత్రికలో ఫోటో పడింది చూశారే, ఆ బట్టలూ నేను తీసినవే. నిన్న సామ్యూల్‌గారికి కొన్నదీ నేను చెప్పిందే, ఇప్పుడు మా ఆయన ఒంటి మీద ఉన్నదీ నేనే తీశాను. ఈ పని ఆయన దగ్గర నేర్చుకున్నది కాదండీ. దేవుడు నాకు ఇచ్చింది. అందుకు ఆ దేవుడికి వందనాలు."

 దెబోరా నోరు తెరుచుకుని ఉండిపోయింది. సామ్యూల్ తన కొత్త స్వెట్టరుకేసి చూసుకున్నాడు. దైవాశీర్వాదంగారు ఒకసారి ఆమెకేసీ, ఒకసారి రత్నరాజుకేసీ చూశారు. మొగుడిమీద చెప్పిన ఫిర్యాదైతే కూర్చోమ్మా అనేవారు. కాని ఆమె దేవుడిచ్చిన మేలు చెప్పింది. అటువంటి మాట విని సంఘపెద్ద ఊరుకోకూడదు.

"స్తోత్రం" అన్నారు.

"స్తోత్రం" అంది సంఘమంతా.

రత్నరాజు పెదవులు కదల్లేదు. వసంతకుమారి కూర్చోలేదు. ఆయన కూడా అనేదాకా అలాగే నిలబడి, ఆయనకేసే చూస్తూ ఉంది.